పాత కంప్యూటర్ మీద నలుపు తెలుపు ఫొటో: ఏ చుక్క, ఏ ప్రింటర్, ఏ స్కానర్?

మొన్న దసరాకి మా అన్నయ్య కూతురు రాయగడ నుంచి వచ్చి, అటక మీద ఉన్న అట్టపెట్టె దించింది. లోపల ఫొటో మీద చేత్తో లాగే మా పాత హ్యాండ్ స్కానర్, దాన్ని కంప్యూటర్‌కి కలిపే కార్డు, రెండు డబ్బాల ఫ్లాపీలు ఉన్నాయి. మా పాత 386 కంప్యూటర్ ఇప్పటికీ ఆన్ అవుతుంది. "అత్తా, నాన్నమ్మ ఫొటో దీంతోనే స్కాన్ చేసి ప్రింటు తీద్దాం. ఎలా చేస్తే మొహం బాగా వస్తుంది?" అని అడిగింది.

ఆ ప్రశ్నకి ఒక్క ముక్కలో జవాబు లేదు. 1991 నుంచి పదేళ్లకి పైగా నేనూ మా ఆయనా ఒడిశాలోని బరంపురంలో డీటీపీ (కంప్యూటర్ మీద పేజీలు కూర్చి అచ్చుకి ఇచ్చే పని) నడిపాం. తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడింటిలోనూ పెళ్లి కార్డులు, పెద్దకర్మ కార్డులు, ఠాకురాణి యాత్ర (మా ఊరి అమ్మవారి జాతర) కరపత్రాలు చేశాం. అక్షరాలు ఒకసారి కుదిరితే కుదిరినట్టే. ఫొటో అలా కాదు, ప్రతి ఫొటోకీ మళ్లీ మొదటి నుంచి ఆలోచించాల్సిందే. ఇప్పుడు పాత మెషిన్లు బాగుచేసుకుని వాడుతున్న పిల్లలు చాలామంది ఉన్నారు. బిల్లులు కొట్టే థర్మల్ ప్రింటర్ మీదో, స్క్రీన్ ప్రింటింగ్‌లోనో ఒకే రంగుతో ఫొటో వెయ్యాలనుకునేవాళ్లూ ఉన్నారు. వాళ్లందరికీ పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. దాదాపు అందరూ స్కానర్‌తో మొదలుపెడతారు. నా అనుభవంలో అది తలకిందుల పద్ధతి. ఫొటో చివరికి ఏ కాగితం మీద పడుతుందో అక్కడ మొదలుపెట్టండి. కాగితాన్ని బట్టి చుక్క, చుక్కని బట్టి ప్రింటర్, ఇవన్నీ తేలాక స్కానర్. నేనూ ఆ వరసలోనే చెబుతాను.

కాగితం, గీతల లెక్క

ప్రింటర్‌కి బూడిద రంగు తెలియదు. సిరా పడిన చోటు, పడని చోటు, దానికి తెలిసింది ఈ రెండే. బూడిద ఛాయ మన కంటికి వచ్చే భ్రమ. న్యూస్‌పేపర్ ఫొటోని భూతద్దం పెట్టి చూస్తే నుదురు దగ్గర సన్న చుక్కలు, జుట్టు దగ్గర ఒకదాన్నొకటి అంటుకున్న లావు చుక్కలు కనిపిస్తాయి. ఆ చుక్కల వరసల్ని అంగుళానికి ఇన్ని గీతలు అని లెక్కపెడతారు.

అంగుళానికి 300 చుక్కలు వేసే లేజర్ ప్రింటర్ తీసుకోండి. 60 గీతల స్క్రీన్ పెడితే, అంటే అంగుళాన్ని 60 గళ్లుగా విడగొడితే, ఒక్కో గడిలో నిలువుకి 5, అడ్డానికి 5 చొప్పున 25 చుక్కలకి చోటుంటుంది. ఒక్కటీ పడకపోవడం నుంచి మొత్తం పడడం దాకా 26 ఛాయలు వస్తాయి. ఫొటో ఇంకా నునుపుగా రావాలని 100 గీతలు పెట్టామనుకోండి, గడి 3 బై 3కి కుదించుకుపోయి 10 ఛాయలే మిగులుతాయి. బుగ్గ మీద నీడ మెల్లగా దిగాల్సింది మెట్లు మెట్లుగా దిగుతుంది. అంటే గీతలు పెంచితే ఛాయలు తగ్గుతాయి, ఛాయలు కావాలంటే గీతలు తగ్గించుకోవాలి. 300 చుక్కల ప్రింటర్ మీద ఈ బేరం తప్పదు. అందుకే పోస్ట్‌స్క్రిప్ట్ (పేజీ ఎలా వెయ్యాలో ప్రింటర్‌కి చెప్పే భాష) ఉన్న లేజర్ ప్రింటర్లలో మామూలుగా 53 గానీ 60 గానీ గీతలు, 45 డిగ్రీల వాలు పెట్టి ఉండేవి. అడ్డగీతలు, నిలువుగీతలు కంటికి చప్పున దొరికిపోతాయి. వాలుగా ఉంటే అంత తెలియవు.

ఇక కాగితం సంగతి. న్యూస్‌ప్రింట్ సిరాని పీల్చుకుంటుంది, చుక్క ఉబ్బుతుంది. మీరు సగం నలుపు అనుకుని పంపిన చోట అచ్చయ్యేసరికి 70 శాతం దాటిపోవచ్చు. మ్యాప్‌లిథో (పూత లేని తెల్ల అచ్చు కాగితం) కొంత నయం. ఆర్ట్ పేపర్ మీద చుక్క ఉన్నచోటే నిలబడుతుంది.

ఇది మేం తప్పు చేసి నేర్చుకున్నాం. డీటీపీ పెట్టిన కొత్తలో ఒక ఇంటివాళ్లు పెద్దకర్మ కరపత్రం చేయించారు. ఫొటో నాజూగ్గా రావాలని నేను 85 గీతలు పెట్టి ట్రేసింగ్ (అచ్చు ప్లేటు చెయ్యడానికి ట్రేసింగ్ కాగితం మీద తీసే ప్రింటు) తీశాను. న్యూస్‌ప్రింట్ మీద అచ్చయి వచ్చేసరికి కనుబొమల కింద అంతా ఒకే నలుపు. వాళ్ల పెద్దబ్బాయి కాగితాన్ని వెలుతురుకి ఎత్తిపట్టుకుని, "నాన్నగారి కళ్లు కనబడటం లేదమ్మా" అన్నాడు. ఆ రాత్రే 53 గీతలతో, నీడల్ని బాగా పలచన చేసి మళ్లీ ట్రేసింగ్ తీసి, మా ఖర్చుతో అచ్చు వేయించి ఇచ్చాం. ఆ తర్వాత మ్యాప్‌లిథో మీద 60కి మించి, న్యూస్‌ప్రింట్ మీద 53కి మించి నేనెప్పుడూ పెట్టలేదు.

చుక్కల్లో ఏది మంచిది

బూడిద ఛాయని చుక్కలుగా మార్చే దారులు ముఖ్యంగా నాలుగు. ఇవి ఒకదానికొకటి బదులు కావు. దేని చోటు దానిది.

మొదటిది థ్రెషోల్డ్. ఒక హద్దు పెట్టి, అంతకన్నా ముదురుగా ఉన్నదంతా నలుపు, లేతగా ఉన్నదంతా తెలుపు చేసేస్తుంది. మనిషి ఫొటోకి దీన్ని ముట్టుకోకండి. సంతకం, రబ్బరు స్టాంపు, లోగో, ముగ్గు, తాళపత్రం మీద గంటంతో గీసిన అక్షరాలు, వీటికి మాత్రం దీన్ని మించింది లేదు. అంచులు కత్తితో కోసినట్టు వస్తాయి.

రెండోది పాటర్న్ డిథర్. ఒకే హద్దుకి బదులు గడిగడికీ వేరే హద్దు ఉన్న పట్టికని ఫొటో అంతా పరుస్తుంది. 1973లో బేయర్ అనే ఆయన ప్రచురించిన పట్టిక దీనికి ఆధారం. 4 బై 4 పట్టికతో 17 ఛాయలు, 8 బై 8తో 65 ఛాయలు వస్తాయి. లెక్క చాలా తేలిక, కాబట్టి నెమ్మది మెషిన్ మీద కూడా క్షణంలో అయిపోతుంది. చిక్కల్లా అల్లికతోనే. ఆ పట్టిక ఫొటో అంతటా ఒకేలా తిరిగి తిరిగి రావడంతో మొహం మీద జల్లెడ పరిచినట్టుంటుంది. బరంపురం పట్టుచీర అంచు మీద గుడి గోపురాల్లా కోణాలు వరసగా ఉంటాయి కదా. ఆ కోణాల వరస, ఈ పట్టిక వరస ఒకదాని మీద ఒకటి పడితే చీరలో ఎక్కడా లేని అలలు పుట్టుకొస్తాయి. చీర ఉన్న ఫొటోకి నేను దీన్ని వాడను. మేఘాలు, గోడ, నేల లాంటి సాదా చోట్లకి, కంప్యూటర్ తెర మీద బొమ్మలకి పరవాలేదు.

మూడోది డిఫ్యూజన్. ఫ్లాయిడ్, స్టెయిన్‌బర్గ్ అనే ఇద్దరు 1976లో ప్రచురించిన పద్ధతి. నాకు చాలా ఇష్టమైనది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఒక చుక్కని నలుపో తెలుపో చెయ్యాల్సి వచ్చినప్పుడు ఎంతో కొంత తప్పు జరుగుతుంది. లేత బూడిదని తెలుపు చేసేశామంటే కొంచెం నలుపు బాకీ పడ్డట్టు. ఈ పద్ధతి ఆ బాకీని వదిలెయ్యదు, 16 భాగాలు చేసి ఇరుగుపొరుగుకి పంచుతుంది: కుడిపక్క చుక్కకి 7, కింద వరసలో ఎడమవైపు దానికి 3, సరిగ్గా కిందదానికి 5, కుడివైపు దానికి 1. అలా బాకీ చేతులు మారుతూ పోయి చివరికి ఎక్కడో ఒక నల్లచుక్కగా తీరుతుంది. పట్టిక లేదు కాబట్టి జల్లెడ కనిపించదు. కనురెప్పలు, ముక్కుపుడక, చీర మడతలు చక్కగా నిలబడతాయి.

యాపిల్ మొదటి మాకింటాష్ కంప్యూటర్‌కి సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లలో ఒకడైన బిల్ అట్కిన్సన్ దీన్నే కొంచెం మార్చాడు. బాకీలో 8 వంతులకి 6 వంతులే పంచి, మిగతాది వదిలేశాడు. దాంతో బాగా లేత చోట్లు పూర్తి తెల్లగా, బాగా ముదురు చోట్లు పూర్తి నల్లగా అయిపోతాయి, మధ్య ఛాయలు మాత్రం ఎత్తుగా కనిపిస్తాయి. పాలిపోయిన పాత ఫొటోకి ఇది ప్రాణం పోస్తుంది. ఠాకురాణి యాత్రలో రాత్రిపూట దీపాల వెలుగులో తీసిన ఫొటోకి వాడితే చీకట్లో ఉన్న మనుషులు పూర్తిగా మాయమవుతారు, జాగ్రత్త.

నాలుగోది హాఫ్‌టోన్ స్క్రీన్, పైన చెప్పిన గీతల పద్ధతి. చుక్కలు విడివిడిగా చెదిరిపోకుండా గుంపుకట్టి ఒక లావు చుక్క అవుతాయి. దగ్గరగా చూస్తే డిఫ్యూజన్ అంత వివరం ఉండదు. మరి అచ్చుకి అందరూ దీన్నే ఎందుకు నమ్మారంటే, గుంపు చుక్క దెబ్బ తట్టుకుంటుంది. డిఫ్యూజన్‌లో ఒంటరి చుక్క అంగుళంలో 300వ వంతు. లేజర్ టోనర్ దాన్ని కొంచెం లావుగా వేస్తుంది. ట్రేసింగ్ నుంచి ప్లేటు మీదకి వెళ్లేటప్పుడు కొన్ని రాలిపోతాయి, కొన్ని పక్కవాటితో అతుక్కుంటాయి. జిరాక్స్ తీస్తే ఇంకా ఘోరం. తెల్లగా ఉండాల్సిన నుదురు మీద మచ్చలు, నల్లగా ఉండాల్సిన జుట్టులో ముద్దలు వస్తాయి.

కాబట్టి నా తీర్పు ఇది. మీ చేతిలోని ప్రింటే ఆఖరిదైతే డిఫ్యూజన్. ఆ ప్రింటు మీంచి ఇంకో కాపీ పుట్టాల్సి ఉంటే, అది ఆఫ్‌సెట్ (ప్లేటుతో వేసే అచ్చు) అయినా, జిరాక్స్ అయినా, స్క్రీన్ ప్రింటింగ్ అయినా హాఫ్‌టోన్. లేజర్ మీద డిఫ్యూజనే కావాలనుకుంటే 300లో కాకుండా 150లో చెయ్యండి. అప్పుడు ఒక్కో చుక్క 2 బై 2 అవుతుంది, కొంచెం మొరటుగా ఉన్నా రాలిపోదు.

ఏ పద్ధతైనా సరే, ఒకసారి చుక్కలుగా మార్చాక ఫొటోని పెంచడం, తగ్గించడం, తిప్పడం చెయ్యకండి. చుక్కల వరస చెదిరి గళ్లు పడతాయి. బూడిద ఛాయలున్న అసలు టిఫ్ ఫైలు ఒకటి ఎప్పుడూ విడిగా దాచుకోండి. కొలత మార్చాలంటే దాన్ని మార్చి, మళ్లీ చుక్కలు చేయండి.

ప్రింటర్

9 పిన్నుల డాట్ మాట్రిక్స్ (పిన్నులతో రిబ్బన్ మీద కొట్టి చుక్కలు వేసే ప్రింటర్) మీద ఫొటో వెయ్యాలంటే ఓపిక కావాలి. అడ్డంగా అంగుళానికి 120 గానీ 240 గానీ చుక్కలు పడతాయి, నిలువుకి 72 మాత్రమే. సాఫ్ట్‌వేర్ ఈ తేడాని లెక్కలోకి తీసుకోకపోతే మనిషి మొహం నిలువునా సాగిపోతుంది. 24 పిన్నులదైతే రెండు వైపులా 180 వస్తుంది. చుక్క గుండ్రంగా, కొలత సమంగా ఉంటుంది కాబట్టి డిఫ్యూజన్‌కి చక్కగా సరిపోతుంది. రిబ్బన్ సరికొత్తది వాడకండి, సిరా ఎక్కువై నీడలు పూడుకుపోతాయి. ఒక వారం బిల్లులు కొట్టిన రిబ్బన్ మీద ఫొటో బాగుంటుంది.

1984లో వచ్చిన హెచ్‌పీ లేజర్‌జెట్, 1985లో వచ్చిన యాపిల్ లేజర్‌రైటర్ రెండూ 300 చుక్కలవే. పోస్ట్‌స్క్రిప్ట్ ఉన్న లేజర్‌రైటర్ గీతలు, వాలు స్వయంగా చూసుకుంటుంది. పోస్ట్‌స్క్రిప్ట్ లేనిదైతే ఆ పని కంప్యూటర్ చేసి మొత్తం పేజీని బొమ్మలా పంపాలి. ఇక్కడ మెమరీ అడ్డొస్తుంది. 300 చుక్కల నిండు పేజీ బొమ్మకి దాదాపు 1 ఎంబీ కావాలి. ఆ రోజుల్లో చాలా ప్రింటర్లకి 512 కేబీయే ఉండేది. ఎక్కువ మెమరీ పెట్టిన ప్రింటర్ దొరకకపోతే ఫొటోని సగం పేజీకి మించనివ్వకండి.

స్కానర్, బొట్టు

హ్యాండ్ స్కానర్, ఫ్లాట్‌బెడ్ (ఫొటోని అద్దం మీద బోర్లించే స్కానర్), ఈ రెండింట్లో ఏదని చాలామంది అడుగుతారు. మాకింటాష్ వాళ్లకి థండర్‌స్కాన్ అని ఇంకోటి ఉండేది, ఇమేజ్‌రైటర్ ప్రింటర్‌లో రిబ్బన్ తీసేసి అక్కడ పెట్టేది. ఫొటోని కాగితంలా రోలర్‌కి చుడితే వరస వరసా చదివేది. పాత ఫొటోని రోలర్‌కి చుడితే ఎమల్షన్, అంటే ఫొటో మీది పూత, పగులుతుంది. ఇంట్లో ఉన్న ఒక్కగానొక్క ఫొటోకి వద్దే వద్దు.

హ్యాండ్ స్కానర్ వెడల్పు 105 మిల్లీమీటర్లు, అంటే నాలుగంగుళాల పైచిలుకు. పాస్‌పోర్ట్ ఫొటో, చిన్న స్టూడియో ఫొటో, ఆల్బమ్‌కి అతుక్కుపోయి ఊడిరానివి, పుస్తకం మధ్యలోవి, వీటికి ఇదే మేలు. చెయ్యి వణకకుండా పక్కన స్టీలు స్కేలు పెట్టి, దాని వెంబడి ఒకే వేగంతో లాగండి. చాలావాటికి పక్కన ఒక స్విచ్ ఉంటుంది: ఒకటి అక్షరాలకి, మిగతావి ఫొటోలకి. పాత మోడళ్లలో ఆ ఫొటో స్విచ్ పెడితే స్కానరే చుక్కలు చేసేసి పంపుతుంది. ఆ తర్వాత మీరు సరిదిద్దడానికి ఏమీ మిగలదు. నిజమైన 32 గానీ 256 గానీ ఛాయలు ఇచ్చేదైతేనే ఫొటోకి తీసుకోండి.

ఇప్పుడు అసలు సంగతి. నలుపు తెలుపు హ్యాండ్ స్కానర్లు చాలావరకు ఒకే రంగు దీపంతో చదువుతాయి. కొన్నింటిలో ఎర్ర దీపం, కొన్నింటిలో ఆకుపచ్చది. ఎర్ర వెలుతురులో ఎర్ర వస్తువు తెల్లగా కనిపిస్తుంది. మొదట మా దగ్గర ఉన్నది ఎర్ర దీపానిది. ఒకావిడ కలర్ ఫొటో స్కాన్ చేసి తెర మీద చూస్తే నుదుట బొట్టు లేదు. పాపిట్లో కుంకుమ లేదు, ఎర్రచీర తెల్లచీర అయిపోయింది. అది షష్టిపూర్తి కార్డు, భర్త పక్కనే నవ్వుతూ ఉన్నాడు. అలాగే అచ్చయి ఉంటే ఆ ఇంట్లో ఎంత బాధపడేవాళ్లో! ఆ ఫొటోని స్టూడియోలో నలుపు తెలుపు ప్రింటుగా మళ్లీ తీయించి, దాన్ని స్కాన్ చేశాం. ఆకుపచ్చ దీపం కింద ఎరుపు నల్లగా పడుతుంది, బొట్టు బొట్టులా నిలుస్తుంది. మీరు పాత హ్యాండ్ స్కానర్ కొనేటప్పుడు ఆన్ చేసి కింద పడే వెలుతురు చూడండి. మన ఇళ్లలో కలర్ ఫొటోలకి ఆకుపచ్చదే తీసుకోండి. అసలు ఫొటోయే నలుపు తెలుపు అయితే ఏదైనా ఒకటే.

పెద్ద ఫొటోలకి, గ్రూపు ఫొటోలకి ఫ్లాట్‌బెడ్. 1987లో వచ్చిన మొదటి హెచ్‌పీ స్కాన్‌జెట్ 16 ఛాయలే ఇచ్చేది, 1989లో వచ్చిన స్కాన్‌జెట్ ప్లస్ 256. ప్రింటర్ 26 ఛాయలే వేస్తున్నప్పుడు 256 దేనికని మా ఆయన కూడా మొదట్లో అనేవారు. సరిదిద్దడానికి కావాలి. న్యూస్‌ప్రింట్ కోసం నీడల్ని పలచన చేసినప్పుడు కొన్ని ఛాయలు కలిసిపోతాయి, కొన్నిచోట్ల ఖాళీలు పడతాయి. 16తో మొదలుపెడితే చేతిలో ఏడో ఎనిమిదో మిగులుతాయి, 256తో మొదలుపెడితే ఎంత మార్చినా ప్రింటర్‌కి సరిపడా ఉంటాయి.

న్యూస్‌పేపర్‌లో పడిన ఫొటోని స్కాన్ చెయ్యాలంటే వేరే ఇబ్బంది. దానిలో ముందే చుక్కలున్నాయి, వాటి మీద మీ చుక్కలు పడితే అలలు వస్తాయి. ఎక్కువ చుక్కల్లో స్కాన్ చేసి, కొంచెం మసకబరిచి, తర్వాత తగ్గించండి.

ఎంత పెద్ద ఫైలు

అంగుళానికి ఎన్ని చుక్కల్లో స్కాన్ చెయ్యాలన్నదాని మీద చాలామంది టెన్షన్ పడతారు. 4 బై 6 ఫొటోని 300 చుక్కల్లో, 256 ఛాయల్లో చదివితే 21 లక్షల 60 వేల బైట్లు. 1.44 ఎంబీ ఫ్లాపీలో పట్టదు, ముక్కలు చేసి రెండు ఫ్లాపీల్లో ఎక్కించుకోవాలి. కానీ 60 గీతల హాఫ్‌టోన్‌కి అంత అక్కర్లేదు. గీతలకి రెట్టింపు చాలు, అంటే 120. అదే ఫొటో 120లో 3 లక్షల 45 వేల బైట్లు, ఒక్క ఫ్లాపీలో నాలుగు ఫొటోలు పడతాయి. రెండు ఫైళ్లూ 60 గీతల్లో అచ్చు వేయించి పక్కపక్కన పెడితే తేడా చెప్పలేరు. ఫొటోని రెట్టింపు సైజు చేసి వేస్తే మాత్రం 240లో చదవాలి. థ్రెషోల్డ్ పనులకి లెక్క వేరు, వాటిని ప్రింటర్ ఎన్ని చుక్కలదో అన్ని చుక్కల్లోనే చదవాలి.

తెర మీద కనిపించేదాన్ని నమ్మకండి. 1987 నాటి వీజీఏలో (కంప్యూటర్ తెరకి బొమ్మ పంపే పద్ధతి) ఒక్కో రంగుకి 6 బిట్లే, కాబట్టి అది చూపగలిగే బూడిద ఛాయలు 64కి మించవు. తెర మీద 640 బై 480 చుక్కలు పెట్టుకుంటే 16 మాత్రమే. మొహంలో కావాల్సిన రెండంగుళాల ముక్క మాత్రం కత్తిరించి, కాగితం మీద ప్రింటు తీసి, చెయ్యి చాపినంత దూరంలో పట్టుకుని చూడండి.

పాత మెషిన్ లేకుండా ఆ రూపం మాత్రమే కావాలంటే, ఇప్పటి స్కానర్‌తో గ్రేస్కేల్‌లో చదివి ఫొటోషాప్‌లో బిట్‌మ్యాప్ మోడ్‌కి మార్చండి. థ్రెషోల్డ్, పాటర్న్, డిఫ్యూజన్, హాఫ్‌టోన్ నాలుగూ అక్కడ ఆ పేర్లతోనే ఉన్నాయి. థర్మల్ ప్రింటర్‌కి డిఫ్యూజన్ తీసుకోండి. బట్ట మీదో కార్డు మీదో స్క్రీన్ ప్రింటింగ్ అయితే హాఫ్‌టోన్, 45 గీతల దరిదాపుల్లో. జాలీ కన్నాల్లోంచి అంతకన్నా సన్న చుక్క దిగడం కష్టం.

మా అమ్మ ఫొటోకి చివరికి రెండూ చేశాం. 3 బై 4 స్టూడియో ఫొటో, నలుపు తెలుపు. స్టీలు స్కేలు పక్కన పెట్టి, 200 చుక్కల్లో, పిల్లే లాగింది. మూడోసారికి వంకర లేకుండా వచ్చింది. 24 పిన్నుల ప్రింటర్ మీద డిఫ్యూజన్ పెట్టి కొలత మార్చకుండా వేశాం. 200లో చదివింది 180లో పడింది కాబట్టి ఫొటో కొంచెం పెద్దదై, మూడంగుళాలది మూడుంపావు దాటింది. తెలిసిన వాళ్ల లేజర్ మీద 60 గీతల హాఫ్‌టోన్ ఇంకోటి తీశాం. లేజర్‌దాంట్లో బుగ్గలు నునుపుగా ఉన్నాయి, చీర అంచు మీది కోణాలు కలిసిపోయాయి. డాట్ మాట్రిక్స్ దాంట్లో మొహం కొంచెం గరుకుగా ఉంది గానీ, ముక్కుపుడక ఒక్క తెల్లచుక్కగా మెరుస్తోంది. చీర అంచు మీద గోపురాలు పదకొండూ లెక్కపెట్టుకోవచ్చు. పిల్ల దాన్నే రాయగడ తీసుకెళ్లింది. లేజర్‌ది మా ఆయన ట్రేసింగ్ కాగితంలో చుట్టి, వెనక పెన్సిల్‌తో "60 గీతలు, 45 డిగ్రీలు" అని రాసి బీరువాలో పెట్టారు.